టెక్సస్‌లో కాలేజీ డిస్ట్రిక్ట్ మీ ఆస్తి పన్ను పెంచిందో లేదో మీరే లెక్క కట్టుకోవడం ఎలా?

టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీని నడపడానికి ఆస్తి పన్ను వేసే స్థానిక సంస్థే కాలేజీ డిస్ట్రిక్ట్. ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "కాలేజీ వాళ్లు ఈసారి కూడా రేటు పెంచలేదని చెప్పారు. మరి మా బిల్లులో ఆ లైన్ ఎందుకు పెరిగింది?" దీనికి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: రేటు మారకపోయినా పన్ను పెరుగుతుంది. అయితే ఎంత పెరిగింది, అందులో బోర్డు నిర్ణయం ఎంత, చట్టం ఒప్పుకునే హద్దు ఎక్కడుంది అన్నవి మీరే లెక్క కట్టుకుంటే తప్ప తేలవు. ఒకసారి పట్టుబడితే అరగంట పని.

ఈ లెక్క టెక్సస్‌కు మాత్రమే. కాలిఫోర్నియా, ఇల్లినాయ్, విస్కాన్సిన్‌ల పద్ధతులు వేరు. అక్కడ ఉండేవాళ్లు ఈ సూత్రాలను వాడకండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పోయిన ఏడాది పన్ను బిల్లు. ఎస్క్రో (లోన్ వాయిదాతోపాటే పన్ను డబ్బూ తీసుకుని బ్యాంకే కట్టే పద్ధతి) ఉంటే బిల్లు నేరుగా బ్యాంకుకే వెళ్లి ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని చూసి ఉండరు. కౌంటీ ట్యాక్స్ ఆఫీసు వెబ్‌సైట్‌లో మీ అడ్రసు కొట్టి దించుకోండి.
- ఈ ఏడాది అప్రైజల్ నోటీసు (ఏప్రిల్, మే నెలల్లో వచ్చింది). మార్కెట్ విలువ కాదు, ప్రొటెస్ట్ (విలువ మీద మీ అభ్యంతరం) అయ్యాక తేలిన, పన్ను పడే విలువ కావాలి.
- కాలేజీ డిస్ట్రిక్ట్ నింపిన 50-856 నంబరు ఫారం. స్కూల్, వాటర్ డిస్ట్రిక్టులు కాకుండా మిగతా పన్ను సంస్థలన్నీ రేటు లెక్కకు ఇదే ఫారం నింపాలి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోనో, కౌంటీ పన్ను రేట్ల పేజీలోనో దొరుకుతుంది.
- ఫోన్‌లో కాలిక్యులేటర్.

మూడు మాటలు తెలిస్తే చాలు

ఎం అండ్ ఓ: జీతాలు, కరెంటు, క్లాసులు లాంటి రోజువారీ ఖర్చుల కోసం వేసే రేటు.

ఐ అండ్ ఎస్: బాండ్ల అప్పు తీర్చడానికి వేసే రేటు.

నో న్యూ రెవెన్యూ రేటు: పోయినేడు పన్ను కట్టిన ఆస్తుల నుంచే ఈ ఏడాది కూడా అంతే డబ్బు రావాలంటే ఎంత రేటు పెట్టాలో, అది. 2019కి ముందు దీన్ని ఎఫెక్టివ్ ట్యాక్స్ రేటు అనేవారు. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క అంకె మాత్రమే చూసే తీరిక ఉంటే దీన్నే చూడండి.

1. ముందు మీకు కాలేజీ డిస్ట్రిక్ట్ ఉందో లేదో చూడండి

టెక్సస్‌లో 50 కమ్యూనిటీ కాలేజీ డిస్ట్రిక్టులు ఉన్నాయి. అలాగని రాష్ట్రంలో ప్రతి ఇంటి మీదా ఆ పన్ను లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోనే చూడండి. ఊరు ఒకటే గానీ కొంత కొలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. కొలిన్ వైపు ఇళ్లకు కొలిన్ కాలేజీ పన్ను పడుతుంది, రేటు ఇటీవలి ఏళ్లలో వంద డాలర్ల విలువకు 8 సెంట్ల చుట్టూ ఉంది. డెంటన్ వైపు ఇళ్ల బిల్లులో ఆ లైనే కనిపించదు. దానికి బదులు ఆ పిల్లలు కొలిన్ కాలేజీలో చేరితే బయటి కౌంటీ ఫీజు కట్టాలి. ఇల్లు కొనేటప్పుడు ఈ రెండింటినీ కలిపి చూసుకోవడం మంచిది.

డాలస్ కౌంటీలో డాలస్ కాలేజీ, హ్యూస్టన్ వైపు హ్యూస్టన్ కమ్యూనిటీ కాలేజీ లేదా లోన్ స్టార్ కాలేజీ, ఆస్టిన్ వైపు ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీ. మీ బిల్లులో వీటిలో ఏ పేరుందో చూసుకోండి. యూటీ డాలస్, టెక్సస్ ఏ అండ్ ఎం లాంటి యూనివర్సిటీలు ఇంటి పన్ను వేయవు.

2. మీ ఇంటి మీద పడిన పన్ను కట్టి చూడండి

పన్ను పడే విలువను 100తో భాగించి, రేటుతో గుణించండి. ఆ విలువ 5,00,000 డాలర్లు, రేటు 0.08 అయితే: 5,00,000 ÷ 100 × 0.08 = 400 డాలర్లు.

జాగ్రత్త: 0.08 అంటే ఎనిమిది శాతం కాదు, వంద డాలర్లకు ఎనిమిది సెంట్లు. వందతో భాగించడం మరిచిపోతే 40,000 డాలర్లు వచ్చి కంగారు పడతారు.

ఇంకో జాగ్రత్త: స్కూల్ డిస్ట్రిక్ట్ లైన్‌లో కనిపించే పెద్ద హోమ్‌స్టెడ్ మినహాయింపు (మీరు ఉండే సొంతింటికి ఇచ్చేది) కాలేజీకి వర్తించదు. 2023లో 40,000 నుంచి లక్ష డాలర్లకు, 2025లో 1,40,000 డాలర్లకు పెరిగింది స్కూల్ పన్నుకు సంబంధించిన మినహాయింపే. కాలేజీ డిస్ట్రిక్ట్ కావాలనుకుంటే తనంతట తాను 20 శాతం వరకు హోమ్‌స్టెడ్ మినహాయింపు ఇవ్వొచ్చు, ఇవ్వకపోనూ వచ్చు. 65 ఏళ్లు దాటినవారి పన్నును ఒక మొత్తం దగ్గర ఆపేయడం కూడా స్కూళ్లకు తప్పనిసరి, కాలేజీలకు వాళ్ల ఇష్టం. ఆస్తుల విలువ కట్టే మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో ఏ సంస్థ ఏ మినహాయింపు ఇస్తుందో పట్టిక ఉంటుంది.

హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటికి విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న హద్దు మాత్రం కాలేజీ పన్నుకూ పనిచేస్తుంది. హోమ్‌స్టెడ్ వచ్చిన మరుసటి ఏడాది నుంచి అది మొదలవుతుంది. దీనికి సిటిజన్ అయి ఉండక్కర్లేదు, హెచ్1బీ మీద ఉన్నా ఇస్తారు. ఆ ఇంట్లోనే ఉంటూ, డ్రైవింగ్ లైసెన్స్ మీద అదే అడ్రసు ఉంటే చాలు. ఇంకా అప్లై చేయనివాళ్లు ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి.

3. నో న్యూ రెవెన్యూ రేటు కట్టండి

అసలైన మెట్టు ఇదే. ఒక ఊహా డిస్ట్రిక్ట్ తీసుకుందాం, లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలు నేనే వేశాను.

పోయినేడు ఆ డిస్ట్రిక్ట్‌లో పన్ను పడే ఆస్తుల మొత్తం విలువ 10,000 కోట్ల డాలర్లు. రేటు 0.08, అందులో ఎం అండ్ ఓ 0.07, ఐ అండ్ ఎస్ 0.01. అంటే వేసిన పన్ను 8 కోట్ల డాలర్లు.

ఈ ఏడాది విలువ 11,200 కోట్లు అయింది. అందులో 400 కోట్లు కొత్తగా కట్టిన ఇళ్లు, దుకాణాలు. పాత ఆస్తుల విలువ 10,800 కోట్లు.

పోయినేడు వేసిన పన్నును ఈ ఏటి పాత ఆస్తుల విలువతో భాగించి వందతో గుణించండి: 8 ÷ 10,800 × 100 = 0.074074. ఇదీ నో న్యూ రెవెన్యూ రేటు. బోర్డు ఇంతకన్నా ఎక్కువ రేటు పెడితే, పోయినేడు ఉన్న ఆస్తుల మీద పన్ను మొత్తంగా పెరిగినట్టే. ఆ రేటు పాత రేటుకన్నా తక్కువ కనిపించినా సరే.

కొత్త నిర్మాణాలను ఎందుకు తీసేశామో గమనించండి. కొత్తగా వచ్చిన కాలనీల నుంచి వచ్చే పన్ను డిస్ట్రిక్ట్‌కు అదనం, దాన్ని చట్టం పెంపుగా లెక్కించదు. ప్రాస్పర్, సెలీనా లాంటి చోట్ల పొలాలు కాలనీలవుతున్న కొద్దీ రేటు కదపకుండానే కాలేజీ ఆదాయం పెరిగేది ఈ దారిలో. పిల్లలూ పెరుగుతారు, క్యాంపసూ కావాలి కాబట్టి నాకు ఇందులో తప్పేమీ కనిపించదు.

ఫారంలో ఇంకొన్ని సర్దుబాట్లు ఉంటాయి: కొత్త మినహాయింపుల వల్ల పోయిన విలువ, కోర్టు తగ్గించిన విలువలు, వాపసు ఇచ్చిన పన్నులు వగైరా. మీ అంకె ఫారంలోని అంకెకు కొంచెం అటూ ఇటుగా వచ్చిందంటే కారణం అవే.

4. ఎనిమిది శాతం హద్దు ఎక్కడుందో చూడండి

2019లో టెక్సస్ చట్టం మార్చి, నగరాలు, కౌంటీలు ఓటర్లను అడక్కుండా ఎం అండ్ ఓ ఆదాయం పెంచుకునే హద్దును 8 శాతం నుంచి 3.5 శాతానికి దించారు. కాలేజీ డిస్ట్రిక్టులకు, హాస్పిటల్ డిస్ట్రిక్టులకు మాత్రం పాత 8 శాతమే ఉంచారు. "పన్నులు 3.5 శాతం దాటకూడదని చట్టం ఉంది కదా, కాలేజీ ఎలా దాటింది?" అని అడిగేవాళ్లు ఈ తేడా తెలియకే అడుగుతున్నారు.

లెక్క ఇలా: ముందు ఎం అండ్ ఓ వరకే నో న్యూ రెవెన్యూ రేటు కట్టండి. 7 ÷ 10,800 × 100 = 0.064815. దాన్ని 1.08తో గుణిస్తే 0.07.

తర్వాత అప్పు భాగం. ఈ ఏడాది బాండ్ల వాయిదాలకు 1.2 కోట్లు కావాలనుకోండి: 1.2 ÷ 11,200 × 100 = 0.010714. ఇక్కడ భాగించాల్సింది కొత్తవీ పాతవీ కలిపిన మొత్తం విలువతో.

రెండూ కలిపితే 0.080714. ఇది ఓటర్ అప్రూవల్ రేటు. ఇంతవరకు బోర్డు తనంతట తాను వెళ్లొచ్చు. ఒక్క పిసరు దాటినా నవంబరులో ఎన్నిక పెట్టి తీరాలి. 2019 తర్వాత దానికి ఎవరూ సంతకాలు సేకరించనక్కర్లేదు.

ఇప్పుడు మన ఊహా బోర్డు "రేటు మార్చడం లేదు, 0.08 అలాగే ఉంచుతున్నాం" అందనుకోండి. హద్దు 0.080714, కాబట్టి చట్టబద్ధమే, ఎన్నిక లేదు. వచ్చే ఆదాయం 11,200 ÷ 100 × 0.08 = 8.96 కోట్లు. అంటే పోయినేటి మీద 12 శాతం ఎక్కువ. పాత ఆస్తుల నుంచే 8.64 కోట్లు, అంటే సరిగ్గా 8 శాతం ఎక్కువ. రేటు కదల్లేదన్నది నిజమే, పన్ను పెరిగిందన్నదీ నిజమే. ఇంతకుముందు 5,00,000 డాలర్ల విలువున్న ఇల్లు ఇప్పుడు 5,40,000 అయితే 400 కట్టినచోట 432 కడతారు.

ఇంటికి 32 డాలర్లంటే పెద్ద మొత్తం కాదని మీకు అనిపించొచ్చు. తక్కువ ఫీజుతో నర్సింగ్, వెల్డింగ్ నేర్పే కాలేజీకి ఇవ్వడానికి నాకైతే అభ్యంతరం లేదు. కానీ "పెంచలేదు" అన్న మాట పక్కనే నో న్యూ రెవెన్యూ రేటు కూడా చెప్పాలి. అది తెలుసుకునే హక్కు పన్ను కట్టే ప్రతివారికీ ఉంది.

5. ఎం అండ్ ఓ, ఐ అండ్ ఎస్ విడివిడిగా పోల్చండి

మొత్తం రేటు ఒక్కటే చూస్తే అసలు మార్పు కనపడదు. పాత బాండ్లు తీరిపోతున్నప్పుడు ఐ అండ్ ఎస్ తగ్గుతుంది. ఆ తగ్గిన మేరకు ఎం అండ్ ఓ పెంచి, మొత్తాన్ని అలాగే ఉంచే అవకాశం బోర్డుకు ఉంటుంది. కనీసం మూడేళ్ల రేట్లు రెండు వరుసల్లో రాసుకుని చూడండి.

అప్పు భాగానికి 8 శాతం హద్దు లేదని కూడా గుర్తుంచుకోండి. దాని తాళం బాండ్ ఎన్నికలోనే ఉంది. కొలిన్ కాలేజీ 60 కోట్ల డాలర్ల బాండ్లకు 2017 మేలో, డాలస్ కాలేజీ (అప్పటికి డాలస్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ డిస్ట్రిక్ట్) 110 కోట్ల డాలర్ల బాండ్లకు 2019 మేలో ఓటర్లు సరేనన్నారు. మే ఎన్నికలకు ఓటేసేవాళ్లు తక్కువ. తీర్చడానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది. బాండ్ ఎన్నికప్పుడు డిస్ట్రిక్ట్ ఇచ్చే ఓటరు సమాచార పత్రంలో లక్ష డాలర్ల విలువున్న సొంతింటి మీద పన్ను గరిష్ఠంగా ఏడాదికి ఎంత పెరగొచ్చో ఉండాలి. దాన్ని మీ ఇంటి విలువకు తగ్గట్టు గుణించుకోండి.

వీటన్నిటి పైన ఇంకో కప్పు ఉంది: కాలేజీ డిస్ట్రిక్ట్ మొత్తం రేటు వంద డాలర్లకు ఒక డాలరు, అందులో బాండ్ల వాటా 50 సెంట్లు దాటకూడదు. పెద్ద డిస్ట్రిక్టులేవీ దాని దరిదాపుల్లో లేవు. కొన్నిచోట్ల మొదట్లో ఓటర్లు ఆమోదించిన ఎం అండ్ ఓ హద్దు ఇంకా తక్కువ ఉంటుంది. అలాంటిచోట 8 శాతం లెక్క ఒప్పుకున్నా ఆ హద్దు దాటడానికి వీల్లేదు.

6. హియరింగ్‌కు ముందే కదలండి

జులై 25 నాటికి ఆస్తి విలువల జాబితా ఖరారవుతుంది. ఆగస్టు 7 ప్రాంతంలో లెక్క కట్టిన రేట్లు బయటికొస్తాయి. అదే సమయంలో మీ కౌంటీ ఆస్తి పన్ను సమాచార సైట్‌లోనూ అవి కనిపిస్తాయి.  ఆ సైట్‌కు వెళ్లి మీ ఆస్తిని వెతికితే ఏ సంస్థ ఎంత రేటు ప్రతిపాదిస్తోందో, దాంతో మీ పన్ను ఎంతవుతుందో, హియరింగ్ ఎప్పుడో కనిపిస్తాయి. ప్రతిపాదిత రేటు మీద అభిప్రాయం పంపే ఫారం కూడా అక్కడే ఉంటుంది.

ప్రతిపాదిత రేటు నో న్యూ రెవెన్యూ రేటును దాటితే బహిరంగ హియరింగ్ పెట్టాలి. నోటీసు ఇచ్చాక అయిదు రోజులైనా ఆగాలి. ఆ నోటీసులోనే ఏ ట్రస్టీ (బోర్డు సభ్యుడు) ప్రతిపాదనకు అనుకూలం, ఎవరు వ్యతిరేకం అన్నది పేర్లతో ఉంటుంది. ఓటింగ్‌లో బోర్డు సభ్యుల్లో కనీసం 60 శాతం ఒప్పుకోవాలి: ఏడుగురుంటే అయిదుగురు, తొమ్మిదిమంది ఉంటే ఆరుగురు.

ఓటు హక్కు లేనివాళ్లూ హియరింగ్‌లో మాట్లాడొచ్చు. గ్రీన్‌కార్డు, హెచ్1బీ అని ఎవరూ అడగరు, మీరు పన్ను కట్టేవారు. మాట్లాడేటప్పుడు "పన్నులు ఎక్కువైపోయాయి" అంటే విని ఊరుకుంటారు. "నో న్యూ రెవెన్యూ రేటు ఇంత, మీరు పెట్టేది ఇంత, ఈ తేడా డబ్బు దేనికి?" అని అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. 2023లో రాష్ట్రం కాలేజీలకు నిధులిచ్చే పద్ధతి మార్చి, విద్యార్థుల ఫలితాలతో ముడిపెట్టింది. మీ కాలేజీకి దానివల్ల ఎంత వచ్చిందో కూడా అడగండి.

ఎక్కువమంది తడబడే చోట్లు

కొత్త ఇల్లు కొన్నవాళ్లకు రెండో ఏడాది షాక్ కొడుతుంది. జనవరి 1న ఇల్లు సగంలో ఉంటే, మొదటి ఏడాది స్థలం మీద, అప్పటికి కట్టినంత వరకు మాత్రమే పన్ను పడుతుంది. రెండో ఏడాది పూర్తి విలువ మీద పడి, కాలేజీ లైన్‌తో సహా అన్నీ నాలుగైదు రెట్లు కావచ్చు. అది బోర్డు పెంచింది కాదు. అలాంటివాళ్లు మూడో ఏడాది నుంచే పోలిక మొదలుపెట్టాలి.

అద్దెకిచ్చిన ఇంటికి 10 శాతం హద్దు ఉందనుకోవడం ఇంకోటి. దానికి లేదు. సుమారు 50 లక్షల డాలర్ల లోపు విలువున్న హోమ్‌స్టెడ్ కాని ఆస్తులకు 2024 నుంచి 2026 వరకు 20 శాతం హద్దు తాత్కాలికంగా పెట్టారు.

ఎన్నికలో "వద్దు" అన్నది గెలిస్తే పాత రేటు తిరిగి వస్తుందనుకుంటారు. అలా జరగదు, రేటు ఓటర్ అప్రూవల్ రేటు దగ్గరికి దిగి ఆగుతుంది. పాత రేటో, ఈ ఏటి నో న్యూ రెవెన్యూ రేటో, రెండింట్లో తక్కువది అమల్లోకి వచ్చేది వేరే సందర్భంలో: బోర్డు గడువులోగా ఏ రేటూ పెట్టకపోతే.

ఇంటి విలువ ఎక్కువ వేశారన్న గొడవను కాలేజీ బోర్డు దగ్గర తేల్చుకోలేరు. అది అప్రైజల్ డిస్ట్రిక్ట్ దగ్గర, మే 15 లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే ఆ లోపు తేల్చుకోవాలి. ఆగస్టులో రేటు గురించి, మేలో విలువ గురించి. ఈ రెండూ కలపకండి.

మీ లెక్క సరిపోయిందా?

మీకొచ్చిన నో న్యూ రెవెన్యూ రేటునూ, ఓటర్ అప్రూవల్ రేటునూ 50-856 ఫారంలోని అంకెల పక్కన పెట్టండి. మూడో దశాంశం వరకు కలిస్తే బాగానే కట్టారు. మూడో దశాంశంలోనే తేడా వస్తే, కొత్త నిర్మాణాల విలువ తీసేయడం మరిచిపోయారా, లేక అప్పు భాగాన్ని కూడా 1.08తో గుణించారా చూడండి. ఎక్కువగా ఈ రెండింట్లో ఒకటి అయ్యుంటుంది.

బోర్డు మీటింగ్ రికార్డుతోనూ సరిచూసుకోవచ్చు. నో న్యూ రెవెన్యూ రేటు దాటినప్పుడు ట్రస్టీ చేసే తీర్మానంలో "ఇది నిజానికి ఇంత శాతం పెంపు" అని చట్టం చెప్పిన మాటల్లో అనాలి. మన ఉదాహరణలో 0.08 ÷ 0.074074 = 1.08, కాబట్టి 8 శాతం అని వినిపించాలి.

చివరిగా అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే బిల్లుతో రెండో మెట్టులో కట్టిన అంకె పోల్చండి. జనవరి 31లోగా కట్టాలి. ఎస్క్రో ఉన్నవాళ్లు బ్యాంకు కట్టిందో లేదో అప్పుడే ట్యాక్స్ ఆఫీసు సైట్‌లో చూసుకోండి. కొత్త ఇల్లయితే మొదటి ఏడాది తక్కువ బిల్లును బట్టి బ్యాంకు నెలవారీ వాయిదా తక్కువగా పెట్టి ఉంటుంది. రెండో ఏడాది లోటంతా ఒకేసారి అడుగుతుంది, కాబట్టి ఆ తేడా డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.